తీగ తిరిగే వైపు

పొద్దున పూట హాప్స్ తీగ మాట వినదు. రాత్రి చలికి బిగుసుకుపోయి ఉంటుందేమో, కాస్త గట్టిగా పట్టుకుంటే చాలు, పుటుక్కున విరిగి చేతిలోకి వస్తుంది. ఎండెక్కాక గాని మెత్తబడదు. నలభై ఏళ్ళకు పైగా తెలిసిన సంగతే అయినా కృష్ణమూర్తి ఇవాళ ఎండ కోసం ఆగలేదు. కాఫీ కూడా సగం తాగి వదిలేసి, మోకాళ్ళకు రబ్బరు తొడుగులు కట్టుకుని, సాలు మధ్యలో చతికిలబడ్డాడు. దుబ్బులోంచి పొడుచుకొచ్చిన మొలకల్లో బలమైనవి మూడు ఎంచి, పక్కనే నేలలోంచి పైకి లాగి కట్టిన వైరుకు ఒక్కొక్కటే చుడుతున్నాడు. మిగిలినవాటిని చిన్న కత్తితో మొదలంటా కోసి పక్కన పడేస్తున్నాడు. ఆ తర్వాత మోకాళ్ళ మీదే ఇంత ముందుకు జరిగి మళ్ళీ మూడు.

డెబ్బై అయిదేళ్ళ మనిషి. పొట్టి. నలుపు. తల మీద ఊలు టోపీ, ఒంటి మీద వెలిసిపోయిన నీలం కోటు. ముంజేతుల నిండా సన్నటి ఎర్రగీతలు. హాప్స్ తీగ ఒంటినిండా కంటికి కనిపించని కొక్కేలుంటాయి. ఆ గీతలు చలికాలంలో కూడా పూర్తిగా మాయవు. ఇంగోల్‌స్టాట్‌లో డాక్టరు ఒకసారి వాటిని చూసి పిల్లిని పెంచుతున్నారా అని అడిగాడు. ఎకరన్నర పిల్లిని పెంచుతున్నానని చెప్పాడు కృష్ణమూర్తి.

జర్మనీలో, బవేరియాలో హాలర్టావ్ అనే ఆ ప్రాంతమంతా ఈ పంటే. బీరుకు చేదు దీనివల్లే వస్తుంది. మేడంత ఎత్తున గుంజలు, వాటి మీద అడ్డంగా కమ్మీలు, కమ్మీల నుంచి నేలకు వైర్లు, ఆ వైర్ల మీద ఆగస్టుకల్లా పచ్చటి గోడల్లా తీగలు. చుట్టుపక్కల రైతులకు ఒక్కొక్కరికి యాభై అరవై ఎకరాలు. వాళ్ళ దగ్గర యంత్రాలున్నాయి, ఈ నెలలో తీగ ఎక్కించడానికి పోలండ్ నుంచి, రుమేనియా నుంచి కూలీలు దిగుతారు. కృష్ణమూర్తికి ఉన్నది ఇద్దరే కూలీలు. ఒకటి కుడి చెయ్యి, రెండోది ఎడమ చెయ్యి. ఆ రెండోది కొన్నాళ్ళుగా సరిగా పనిలోకి రావడం లేదు.

ఇవాళ సాయంత్రానికి తోట మొత్తం తీగ ఎక్కాలి. పందెం అది.

పందెం కట్టింది కూతురు నీనా. జనవరిలో పెరట్లో మంచు మీద జారి పడ్డాడు కృష్ణమూర్తి. ఎముక విరగలేదు గాని లేవలేకపోయాడు. ఉత్తరాలు తెచ్చే అమ్మాయి చూసి లేపేదాకా అలాగే ఆకాశం చూస్తూ పడుకున్నాడు. ఆ మాట ఎలాగో మ్యూనిక్ పక్కన ఉంటర్‌ఫ్యోరింగ్‌లో ఉన్న నీనా చెవిన పడింది. ఆమె అక్కడ ఒక టీవీ సంస్థ ఆఫీసులో పనిచేస్తుంది. ఈస్టర్ పండక్కి వచ్చి, భోజనాల బల్ల దగ్గర తేల్చేసింది.

"నాన్నా, ఇంక గెనుగ్. చాలు. నువ్వు నాతో వస్తున్నావ్."

"ఈ కాపు ఒక్కటీ తీసుకుని వస్తానమ్మా."

"ఎవ్రీ ఇయర్ ఇదే చెప్తావ్." నీనాది తండ్రి దగ్గర తప్ప ఎక్కడా వినిపించని తెలుగు. కోపం వచ్చినప్పుడు అందులోకి రెండు భాషలు చొరబడతాయి. "ఓకే. మే సెకండ్ సండే సాయంత్రం వస్తాను. గార్టెన్ అంతా తీగ ఎక్కి ఉంటే ఈ సంవత్సరం నీది. లేకపోతే బ్యాగ్ సర్దుకో. తోట సెప్‌కి ఇచ్చేద్దాం. ఆప్‌గెమాఖ్ట్?"

ఒప్పందమేనా అని. ఒప్పందమే అన్నాడు. సెప్ అంటే పక్క కమతం రైతు. మంచివాడే, కోతకు తన యంత్రం ఇచ్చేది అతనే. కాని తోట చేతికొస్తే వేళ్ళతో సహా పెకలించి మొక్కజొన్న వేస్తాడు. అబద్ధమెందుకు, ఆ మాట అతనే చెప్పాడు. అప్పటి నుంచి మొక్కజొన్న పొత్తు కనిపిస్తే కృష్ణమూర్తికి ఒళ్ళు మండుకొస్తోంది. హాప్స్ దుబ్బు ఏటా పైన చచ్చి, నేలలో బతికి, మళ్ళీ మొలుస్తుంది. ఈ దుబ్బులన్నీ భార్య రేజీ, ఆమె తండ్రి నాటినవి. నాలుగేళ్ళ క్రితం రేజీ పోయింది. ఆమె చేత్తో పెట్టినవి ఈ భూమ్మీద ఇంకా మొలుస్తున్నాయంటే ఇవే. వాటిని వదిలేసి నీనా ఉండే మూడో అంతస్తు ఫ్లాట్‌లో బాల్కనీ కుండీలకు నీళ్ళు పోస్తూ కూర్చోవడం అతనికి చావు కన్నా కష్టంగా తోచింది. పైకి అనలేదంతే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం తండ్రీ, అదే రకం కూతురూ.

వారం మధ్యలో మూడు రోజులు ముసురు పట్టింది. దాంతో పని ఆదివారం దాకా వచ్చింది. రేజీ ఉండి ఉంటే ఆదివారం తోటలో అడుగు పెట్టనిచ్చేది కాదు. చర్చి గంట మోగినప్పుడు కృష్ణమూర్తి దొంగలా తల వంచుకుని "ఈ ఒక్కసారికీ" అన్నాడు.

ఎండ నడినెత్తికి రాకముందే రోడ్డు మీద కారు ఆగి, అందులోంచి కౌసల్య దిగింది. పొన్నూరు పక్క ఆవిడ, అరవై దాటిన మనిషి. కొడుకు భార్గవ్ ఇంగోల్‌స్టాట్‌లో ఇంజనీరు. మనవరాలిని చూడ్డానికని వచ్చి మూడో అంతస్తులో ఇరుక్కుపోయింది. ఉగాది నాడు తెలుగువాళ్ళ సభలో, పులిహోర వరసలో, కృష్ణమూర్తి పరిచయమయ్యాడు. ఇద్దరివీ తమలపాకు తోటలున్న ఇళ్ళే అని తేలింది. అప్పటి నుంచి ఆవిడకు ఈ తోట చూడాలని ఒకటే తహతహ.

"అమ్మా, అయిదింటికి వస్తా. ఎక్కువ వంగకు, ప్లీజ్. నీకున్నది ట్రావెల్ ఇన్సూరెన్సే" అన్నాడు భార్గవ్ కారులోంచి.

"నువ్వు పోరా నాయనా. వంగితే విరిగిపోతానా ఏంది?"

కారు వెళ్ళాక ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని, తలెత్తి, గుంజల చివరిదాకా చూసింది. "ఇదేందన్నయ్యగారూ! మన ఆకుతోటకి తాతలాగుంది!"

"తాతే చెల్లెమ్మా. ఆకు మాత్రం నోట్లో పెట్టుకోబాక. మూడు రోజులు చేదు వదలదు."

"ఇంటో తోచి చావటంలా అనుకోండి. ఆదివారం చప్పుడు చెయ్యకూడదంట. మొన్న గోంగూర పచ్చడి రోట్లో నూరతా ఉంటే కిందావిడ వచ్చి తలుపు కొట్టింది. రోలు చప్పుడుకి కూడా ఇక్కడ రూలేనంట! ఏదో ఒక పని చెప్పండి. ఊరికే కూసోటానికి రాలా."

కృష్ణమూర్తి పని చెప్పాడు. కంచె పక్క సాలు చూపించి, మూడు మొలకలు ఉంచి వైరుకు ఎక్కించమన్నాడు. ఎలా ఎక్కించాలో చెప్పలేదు. అన్నం ఎలా తినాలో ఎవరూ ఎవరికీ చెప్పరు కదా. అతనికి ఆ పని అంతగా చేతిలో కలిసిపోయింది.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు కౌసల్య తల ఎత్తలేదు. ఇటు కృష్ణమూర్తి కూడా చాలాసేపు తన సాలులోనే ఉండిపోయాడు. ఎండ వెచ్చబడి తీగలు చెప్పినట్టు వింటున్నాయి. మనసులో లెక్క వేసుకున్నాడు. ఆవిడ ఆ సాలు పూర్తి చేస్తే, నీనా వచ్చేలోపు పని తెమిలిపోతుంది. చాన్నాళ్ళకు కూనిరాగం లాంటిదేదో గొంతులోంచి వచ్చింది.

సాలు తిరిగి కంచె వైపు వచ్చి చూశాడు.

ప్రతి వైరుకూ మొలకలు తిన్నగా నిలబడి ఉన్నాయి. కొట్టంలో దొరికిన పురికొసతో ఒక్కోదాన్నీ మూడు చోట్ల కట్టింది కౌసల్య. ముడి చూస్తే ముచ్చటేస్తుంది. తమలపాకు తీగను అవిసె చెట్టుకు కట్టే ముడి, వాళ్ళ నాన్న నేర్పిన ముడి. తమలపాకు తీగ తనంతట తాను చుట్టుకోదు. కణుపు కణుపునా కట్టుకుంటూ పోవాలి. కట్టకపోతే జారి నేల మీద పడుతుంది. హాప్స్ అలా కాదు. కడితే, రోజుకు జానెడు పెరిగే తీగ ముడి దగ్గర నొక్కుకుపోయి, వారం తిరక్కుండా అక్కడే తల వాలుస్తుంది.

"ఎట్టా ఉందన్నయ్యగారూ?" అంది కౌసల్య, మొహాన పట్టిన చెమట తుడుచుకుంటూ. పరీక్ష బాగా రాసిన పిల్లలా నిలబడింది.

కృష్ణమూర్తి ముడి మీద వేలు పెట్టాడు. సాలు పొడుగునా చూశాడు. సగం రోజు పోయింది. నోట్లోకి కోపమే రావలసింది. తీరా వచ్చింది నవ్వు. మొదట ముక్కుతో, తర్వాత కడుపుతో. వైరు పట్టుకుని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. రేజీ పోయాక ఆ తోటలో ఎవరూ నవ్వలేదు.

"ఏందండీ? ఏమైంది?"

"ఏం కాలేదు చెల్లెమ్మా. డెబ్బై ఏడులో నేనూ అచ్చం ఇట్టాగే కట్టా. ఇదే ముడి. ఒక సాలు కాదు, నాలుగు సాళ్ళు."

డీజిల్ మెకానిక్ శిక్షణ అని ఇంగోల్‌స్టాట్‌కు వచ్చిన కొత్త. శనివారాలు నాలుగు డబ్బులొస్తాయని హాప్స్ తోట పనికి వచ్చాడు. తోట ఆసామి కూతురు రేజీ. కట్టిన నాలుగు సాళ్ళూ చూసింది. కత్తెర తెచ్చి ముళ్ళన్నీ కత్తిరించుకుంటూ పోయింది. చివరి దుబ్బు దగ్గర అతని పిడికిలి పట్టుకుని, అందులో మొలక పెట్టి, వైరు చుట్టూ ఒక చుట్టు తిప్పింది. అతను అటు తిప్పబోతే ఇటు లాగింది. తీగ సూర్యుడు తిరిగే వైపే తిరుగుతుంది, ఎదురు తిప్పితే రాత్రికి రాత్రి విప్పుకుని పడిపోతుంది. జర్మన్ రాని అతనికి అదంతా చేత్తోనే చెప్పింది. ఆ చెయ్యి ఎందుకో వెంటనే వదల్లేదు. అతనూ లాక్కోలేదు. రెండేళ్ళకు పెళ్ళయింది.

ఇందులో కౌసల్యకు చెప్పింది సగమే. మిగతా సగం ఆవిడే అర్థం చేసుకుని చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇప్పుడెట్టా మరి? పాడు చేశానే!"

"పాడేం కాలా. ముడి కోసి తిప్పటమే. గుడి చుట్టూ ప్రదక్షిణం చేస్తాం చూడు, ఆ వైపు."

"ఆ మాట ముందే చెప్తే పోయేదిగా అన్నయ్యగారూ!" అంటూ ఆవిడ చటుక్కున వంగింది. ఆ తర్వాత ఒక్క మొలకా తప్పు తిరగలేదు.

మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని ఆవిడ తెచ్చిన పెరుగన్నం, ఊరగాయ తిన్నారు. కృష్ణమూర్తి తెలుగు మాట్లాడుతుంటే కౌసల్యకు మాటిమాటికీ వాళ్ళ నాన్న గుర్తొస్తున్నాడు. ఊళ్ళో ఇప్పుడెవరూ అనని మాటలు ఇతని నోట్లో చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"మిలిటరీలో చేశారంటగా. యుద్ధంలో భయమేసేదా?"

"ఆకలేసేదమ్మా" అన్నాడు కృష్ణమూర్తి. మరికాస్త పెరుగన్నం పెట్టించుకున్నాడు.

డెబ్బై ఒకటి డిసెంబరులో తూర్పు సరిహద్దు దాటి పోయిన పటాలం వెనక అతను టెలిఫోను వైరు పరిచాడు. వీపున వైరు చుట్ట, ముందు వరి మళ్ళు, చెరువు గట్లు. గుండు పడితే వైరు తెగుతుంది. తెగితే చేత్తో తడుముకుంటూ వెనక్కి పోయి, తెగిన చోటు పట్టుకుని అతకాలి. భుజాన తుపాకీ ఉండేది గాని పేల్చే పని పడలేదు. ఒకనాడు అలా అతికి, పలుకుతోందో లేదోనని రిసీవరు చెవికి పెట్టుకుంటే, అవతల ఎవరో ఎవరికో చెబుతున్నారు, అయిపోయిందని, శత్రువులు ఆయుధాలు దించేశారని. ఆ కబురు అతనికి కాదు. అయినా ఆ పొలాల్లో అందరికన్నా ముందు విన్నది అతనే. గట్టు మీద కూర్చుని భోరున ఏడ్చాడు. ఎందుకో ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత ఊరికి వచ్చాడు, మిలిటరీ వదిలాడు, ఈ దేశం వచ్చాడు. దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు గాలికి వాళ్ళ ఆకుతోట నేలమట్టమైందని కబురొచ్చింది. అన్నదమ్ములు ఆ నేలలో వరి వేసుకున్నారు. తిరిగి వెళ్ళాలనుకున్న తోట లేకుండా పోయాక, ఉన్న తోటనే అంటిపెట్టుకున్నాడు.

అయిదింటికి భార్గవ్ వచ్చేసరికి సాలున్నర మిగిలింది. కౌసల్య కదల్లేదు.

"ఇంకో గంట ఆగరా. నా మూలాన వెనకబడ్డారు."

"అమ్మా, కారులో పాప ఏడుస్తోంది. నీ కోడలు రెండుసార్లు ఫోన్ చేసింది. ప్లీజ్, నెక్స్ట్ వీక్ మళ్ళీ తెస్తా కదా."

"వచ్చే వారానికి ఇది ఆగుద్దా!"

"వెళ్ళమ్మా" అన్నాడు కృష్ణమూర్తి. "మిగిలింది నాకు లెక్కలోది కాదు. చాలా రోజులకి మనిషిలా అన్నం తిన్నా ఇయ్యాళ."

కౌసల్య వెళుతూ వెళుతూ వెనక్కి చూసింది. ఆయన అప్పుడే మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

లెక్కలోది కాదనడం గొప్పకు. సగం సాలు అయ్యేసరికి ఎడమ భుజం బరువెక్కింది. వంగి వంగి పట్టేసిందనుకున్నాడు. ఒక దుబ్బుకూ ఇంకో దుబ్బుకూ మధ్య గుంజ పట్టుకుని ఆగుతున్నాడు. మే నెల పొద్దు తొందరగా కుంకదు, అదొక్కటే అతని పక్షాన ఉంది. చివరి సాలు మధ్యలో చెమట చల్లగా పట్టింది. లేచి ఇంట్లోకి వెళ్ళి పడుకుంటే బాగుండుననిపించింది. పడుకుంటే నీనా వచ్చి చూస్తుంది. ఇంకా ఎక్కని తీగలు చూస్తుంది. జాలిపడుతుంది. ఆ జాలి తలుచుకోగానే మళ్ళీ వంగాడు.

మూడు ఎంచడం, తిప్పడం, కొయ్యడం. రేజీ చెయ్యి తన పిడికిలి మీద ఉన్నట్టే అనిపించింది. అది నొప్పి వల్లనో, నిజంగా అలవాటు వల్లనో. ఆఖరి దుబ్బుకు ఆఖరి మొలకను వైరు చుట్టూ రెండు చుట్లు తిప్పి వదిలాడు. అది నిలబడింది. పక్కనున్న గుంజకు వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని, తోటనంతా ఒకసారి చూసుకున్నాడు. ఒక్క వైరూ ఖాళీగా లేదు. ఎంత ఆనందమేసిందంటే నీనా ఇప్పుడే వచ్చేస్తే బాగుండునని రోడ్డు వైపు మెడ తిప్పాడు. మ్యూనిక్ వైపు రైలు వెళ్ళింది. కాసేపటికి ఇంకో రైలు వెళ్ళింది. దాని చప్పుడు అతను వినలేదు.

నీనా వచ్చేసరికి ఎండ గుంజల కొసల మీద మాత్రమే ఉంది. కారు దిగకముందే ఆమెకు మొదటి సాళ్ళు కనిపించాయి, తీగలన్నీ వైర్లెక్కి ఉన్నాయి. తర్వాతి సాళ్ళూ అంతే. ఆమె మనసులో ఏదో కుంగింది. ఆయన కోసం తన ఫ్లాట్ చిన్న గదిలోంచి ఆఫీసు బల్ల బయటికి తీయించి, ఎత్తు మంచం వేయించి, కిటికీ దగ్గర కుర్చీ పెట్టి వచ్చింది. ఆయన ఓడిపోవాలని వారమంతా కోరుకుంది. గెలిచాడని చూడగానే, ఆ కోరిక తలుచుకుని సిగ్గేసింది. పోనీ, ఇంకో ఏడాది. శనివారాలు తనే వచ్చి సాయం చేస్తుంది. ఆ మాట చెబితే ఆయన మొహం ఎలా వెలుగుతుందో అనుకుంటూ గబగబా నడిచింది.

"నాన్నా! గెలిచావ్! ఓకే, ఐ లాస్ట్!" అని గట్టు మీంచే అరిచింది.

చివరి సాలు మొదట్లో ఆయన బూట్లు కనిపించాయి.

తోటలోకి చెప్పులతో వెళ్ళడు నాన్న. ఆకుతోటలో లక్ష్మి ఉంటుందట, వాళ్ళ ఊళ్ళో ఎవరూ చెప్పుకాలితో తొక్కరట. ఏప్రిల్ చలిలో, మంచు విడిచిన బురదలో కూడా అంతే. ఊరంతా నవ్వేది. అమ్మ కూడా కొన్నాళ్ళు నవ్వి, ఆ తర్వాత తనూ విప్పడం మొదలుపెట్టింది. యుద్ధం గురించి నాన్న తనకు చెప్పిన కథ కూడా ఒకటే. వైరు ఒక తమలపాకు తోట మీదుగా వెయ్యాల్సి వచ్చిందట. గుళ్ళు పడుతుంటే బూట్లు విప్పడానికి ఆగాడట. హవల్దారు నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాడట. చిన్నప్పుడు ఆ తిట్లు మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని నవ్వేది.

సాలు చివర, గుంజకు ఆనుకుని కూర్చుని, ఆయన రోడ్డు వైపే చూస్తున్నాడు. చూస్తున్నాడనే అనుకుంది ఒక్క క్షణం. తర్వాత తెలిసింది. వంగి తన బూట్లు విప్పి పక్కన పెట్టి, చల్లటి మట్టిలోకి అడుగు వేసి, "నాన్నా, నాన్నా" అంటూ ఆయన దగ్గరికి నడిచింది.

గట్టు మీద కృష్ణమూర్తి బూట్లు, మేజోళ్ళు మడిచి లోపల దోపినవి, బయటికి రాగానే తొడుక్కోవడానికి వీలుగా ముక్కులు ఇంటి వైపు తిప్పి పెట్టి ఉన్నాయి.